శంషాబాదు నుండి వెనిసునకు

ప్రశ్న: డిగ్రీ ముగించితిని. మానవహక్కులను విదేశమున చదువగోరుచున్నాను. అక్కడ పరాయి కుటుంబముతో వసింపవలెనా? (ఒక విద్యార్థిని, శంషాబాదు)

జవాబు: అమ్మాయీ, వెనిసు నగరపు లీడో ద్వీపమున 1997లో ఆరంభమైన ఐరోపా మానవహక్కుల మాస్టర్సు విద్యలో, మొదటి సెమిస్టరు అచ్చటనే గడచి, రెండవది వేరొక విశ్వవిద్యాలయమున సాగును గాన, నీ కోరిక తీరు మార్గము కలదు. కాని విమానమెక్కుటకు ముందు, 2008లో తెరచిన మీయూరి విమానాశ్రయపు ద్వారముకడ ఒక రాత్రి నిలిచి చూడుము: తాడుతో బిగించిన అట్టపెట్టెపై పేరును ఫోను నంబరును పెద్ద అక్షరములతో వ్రాసికొని గల్ఫునకు పోవు కూలీ, తాను చదువలేని వీసా కాగితమును మాటిమాటికి తడిమి చూచుకొనుచుండును. ఆ కాగితమందేమున్నదో అతనికి తెలియజెప్పుటయే నీ విద్యకు తొలిపాఠమని నా దృఢవిశ్వాసము. అందుకై 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టమును చదువుము. పనిపిల్లలను బడికి చేర్చినందుకు 2003లో మెగసెసే పురస్కారమందిన శాంతా సిన్హాగారి కృషియు మీ రంగారెడ్డి జిల్లా పల్లెలలోనే మొదలైనది. విదేశమునకు పోవుటకు ముందు, ఇంటర్న్‌షిప్పునకు అట్టి పని వెదకుకొనుము.

పరాయి యింట వసించుట తప్పనిసరి గాకున్నను మేలే; వంటింట గిన్నెలు తుడుచుచు వినెడి మాటలు తరగతిలో వినబడవు. అద్దె, భోజనము, నీ గది తాళము, వీనిని మాత్రము ముందే వ్రాతపూర్వకముగా నిర్ణయించుకొనుము.