కళాశాల ప్రవేశము – పాఠశాల దశలోనే సన్నాహము

ప్రతి వేసవిలోను కళాశాల కార్యాలయము ముందు ఒక దృశ్యము కనిపించుచుండును. తండ్రి చేతిలో ఒక సంచి, అందులో మడతలు పడిన కాగితములు. ప్రక్కన తల వంచుకొని నిలిచిన కుమారుడో, కుమార్తెయో. "ఏ కోర్సులో సీటు ఉంటే అది వ్రాయండి సార్, మాకేమి తెలుసు?" అని ఆ తండ్రి అడుగును. ఆ మాటలో మనపై నమ్మకము ఉన్నది. కాని ఒక బిడ్డ భవిష్యత్తు ఆ బల్ల ముందు, ఆ నాలుగు నిమిషములలో నిర్ణయము కావలసినది కాదు. దప్పిక అయినప్పుడు బావి త్రవ్వబూనినచో నీరు దొరకదు. కళాశాల ప్రవేశమునకు సన్నాహము ఎనిమిదవ తరగతిలోనే ప్రారంభము కావలెనని చెప్పుటయే ఈ వ్యాసము ఉద్దేశము.

చదువుకున్న పెద్దలున్న ఇంటిలో ఈ విషయములు భోజనము వేళ మాటలలోనే పిల్లలకు తెలిసిపోవును. మన విద్యార్థులలో అనేకులు తమ ఇంటిలో మొదటిసారి కళాశాల గడప తొక్కుచున్నవారు. వారికి లోపించినది తెలివి కాదు, సకాలములో సమాచారము. కావున ఒక్కొక్క తరగతిలో ఏమి చేయవలెనో క్రమముగా చూతము.

ఎనిమిదవ తరగతి: ఈ సంవత్సరము జాతీయ ఉపకార వేతన పరీక్ష ఒకటి ఉన్నది. దీనిని ఎన్.ఎం.ఎం.ఎస్. అందురు. 2008లో ప్రారంభమైన ఈ పథకము ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ పాఠశాలల విద్యార్థులకు మాత్రమే వర్తించును. కుటుంబ వార్షికాదాయము మూడున్నర లక్షల రూపాయలు మించరాదు. ఎంపికైనవారికి తొమ్మిదవ తరగతి నుండి ఇంటర్ రెండవ సంవత్సరము వరకు ఏటా 12,000 రూపాయలు లభించును. అబ్బాయిని చదువు మాన్పించి దుకాణములో పెట్టదలచిన ఇంటిలో ఈ సొమ్ము చిన్నది కాదు. ఎనిమిదవ తరగతి దాటిన తరువాత ఈ అవకాశము మరల రాదు.

తొమ్మిదవ తరగతి: ఈ సంవత్సరము పేరు సరిచూచుకొనవలెను. ఇది హాస్యము కాదు. మన పేర్లు ఒక్కొక్క కాగితములో ఒక్కొక్క విధముగా ఉండును. పాఠశాల రిజిస్టరులో 'మహమ్మద్' అని పూర్తిగాను, ఆధార్‌లో 'ఎం.డి.' అని పొడి అక్షరములతోను వ్రాయబడును. ఒకచోట 'షేక్' ముందు వచ్చును, వేరొకచోట వెనుక వచ్చును. కొన్నేండ్ల క్రితము నా విద్యార్థిని ఒకరికి మంచి ర్యాంకు వచ్చినది. కాని పదవ తరగతి మెమోలోని పేరునకు, కుల ధ్రువపత్రములోని పేరునకు పొంతన కుదరలేదు. ఆ అమ్మాయి తండ్రి కార్యాలయముల చుట్టును తిరుగుచుండగా మొదటి విడత కౌన్సెలింగు ముగిసిపోయినది. పబ్లిక్ పరీక్షకు పేర్లు పంపబడుటకు పూర్వమే పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ అన్నిటా ఒకే విధముగా ఉండునట్లు చూచుకొన్నచో ఈ బాధ ఉండదు. మెమోలో ముద్రితమైన తరువాత దానిని సవరించుట మిక్కిలి కష్టము.

పదవ తరగతి: ఇచ్చట దారులు చీలిపోవును. ఎం.పి.సి. తీసుకొన్నవారు ఇంజనీరింగు వైపు, బై.పి.సి. తీసుకొన్నవారు వైద్యము, వ్యవసాయ విద్యల వైపు పోగలరు. ఫార్మసీకి ఈ రెండు మార్గములును తెరచియుండును. ఐదేండ్ల న్యాయ విద్యకు ఇంటర్‌లో ఏ గ్రూపు అయినను చాలును. పాలీసెట్ వ్రాసి పాలిటెక్నిక్‌లో చేరవచ్చును. బాసర ట్రిపుల్ ఐటీలో పదవ తరగతి ఫలితముల ఆధారముగానే ఆరేండ్ల కోర్సులో ప్రవేశము లభించును. స్నేహితుడు చేరినాడని ఏదో ఒక గ్రూపులో చేరుట తగదు. ఆ గ్రూపు చివర ఏ తలుపు ఉన్నదో ముందు తెలిసికొనవలెను.

ఇంటర్ మొదటి సంవత్సరము: దీనిని విశ్రాంతి సంవత్సరముగా భావించువారు పొరబడుచున్నారు. ప్రవేశ పరీక్షలలో రెండు సంవత్సరముల పాఠములును వచ్చును. తెలంగాణ ఇంజనీరింగు ప్రవేశ పరీక్షలో 160 ప్రశ్నలకు సగము, అనగా 80, గణితమువే. తప్పు జవాబునకు మార్కులు తగ్గింపబడవు. వైద్య విద్యకు జరుగు నీట్ పరీక్ష మొత్తము 720 మార్కులు. అందులో ఒక్కొక్క తప్పునకు ఒక మార్కు పోవును. కావున తెలియని ప్రశ్నకు మొదటి పరీక్షలో ఊహించి వ్రాయవచ్చును, రెండవదానిలో ఆలోచించి విడువవలెను. మరొక మాట. నీట్ ప్రశ్నపత్రమును తెలుగులోను, ఉర్దూలోను కూడ కోరవచ్చును. అయితే దరఖాస్తు చేయునప్పుడే భాషను ఎన్నుకొనవలెను.

ఇంటర్ రెండవ సంవత్సరము: ఇది కాగితములు కూర్చుకొను సంవత్సరము. కౌన్సెలింగులో ఆరవ తరగతి నుండి ఇంటర్ వరకు చదివిన పాఠశాలల స్టడీ సర్టిఫికెట్లు అడుగుదురు. స్థానికత నిర్ణయమునకు అవి ఆధారము. నడుమ ఒకటి రెండు సంవత్సరములు బడి మాని మదరసాలో చదివినవారు నివాస ధ్రువపత్రము సంగతి ముందే విచారించుకొనవలెను.

రిజర్వేషన్ల విషయములో ఒక అపోహ ఉన్నది. ముస్లిములందరికి రిజర్వేషను కలదని అనేకులు తలచుచున్నారు. 2007 నాటి చట్టము ప్రకారము బి.సి.-ఇ వర్గములో గుర్తింపబడిన 14 సమూహములకు మాత్రమే నాలుగు శాతము కేటాయింపబడినది. సయ్యదులు, పఠానులు, మొగలులు అందులో లేరు. అట్టివారు కుటుంబ ఆదాయము ఎనిమిది లక్షల లోపు ఉండి, ఆస్తి పరిమితులకు లోబడినచో ఇ.డబ్ల్యు.ఎస్. ధ్రువపత్రమునకు దరఖాస్తు చేసికొనవచ్చును. పాత సంవత్సరపు పత్రము పనికిరాదు, దీనిని మరల తీసికొనుచుండవలెను.

డిగ్రీ ప్రవేశములకు తెలంగాణలో 2016 నుండి 'దోస్త్' పద్ధతి ఉన్నది. ఇందులో కళాశాలల వరుసక్రమము మనమే ఇచ్చుకొనవలెను. సీటు వచ్చినంత మాత్రమున పని పూర్తి కాదు. గడువులోగా ఆన్‌లైనులో సమ్మతి తెలుపనిచో ఆ సీటు చేజారును. ఫోను నంబరు తరచుగా మార్చువారు ఈ విషయము ప్రత్యేకముగా గుర్తుంచుకొనవలెను.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపము. ప్రతి సంవత్సరము బడులు తెరచిన నెలలో పరిసర పాఠశాలల ఎనిమిది, తొమ్మిది తరగతుల విద్యార్థులను, వారి తల్లులతో సహా, ఒక్క రోజు మన కళాశాలకు ఆహ్వానింపుడు. ఈ విషయములను తెలుగులోను, ఉర్దూలోను వారికి వివరించుటకు మా అధ్యాపకులు సిద్ధముగా ఉన్నారు. ఇందుకు పెద్ద వ్యయము లేదు. ఒక హాలు, కొన్ని కుర్చీలు, ఒక పూట చాలును.

విద్యార్థులారా! మీరు చదువుచున్న ఈ పత్రిక మీ ఇంటికి చేరును. ఇంటిలో తమ్ముడో, చెల్లెలో ఎనిమిదవ తరగతిలో ఉన్నచో ఈ రాత్రియే వారి పాఠశాల రిజిస్టరులో పేరు ఏ విధముగా ఉన్నదో అడిగి తెలిసికొనుడు. మీకు ఎవరును చెప్పని మాట వారికి మీరు చెప్పుడు. మన ఇండ్లలో రెండవ తరము విద్య అక్కడనే మొదలగును.