జైలు గేటు దగ్గరికి ముందు ఎవరు పోతారు?



తొలకరి పడిందంటే జొన్నగిరి చేలల్లో వజ్రాలు వెతికేదానికి ఎక్కడెక్కడి నుంచో జనం మన తుగ్గలి మండలానికి వస్తారు. వాళ్ళలో ఎర్రగుడి బండల దాకా పోయి చూసేవాళ్ళు ఎంతమంది? మనలో ఎంతమందిమి చూసినాం? గుత్తి నుంచి పత్తికొండకు పోయే దారిలో ఉన్న ఆ బండల మీద అశోక చక్రవర్తి పద్నాలుగు పెద్ద శాసనాలు చెక్కించాడు. రెండువేల రెండువందల ఏండ్లు దాటినాయి. అందులో ఐదో శాసనం గురించి ఈ పాఠం. అది జైల్లో ఉన్నవాళ్ళ సంగతి కూడా మాట్లాడుతుంది కాబట్టి.

పట్టాభిషేకమైన పదమూడేండ్లకు అశోకుడు ధమ్మ మహామాత్రులని కొత్త అధికారులను పెట్టాడు. అంతకుముందు అలాంటి ఉద్యోగమే లేదని ఆయనే చెప్పుకున్నాడు. వాళ్ళకిచ్చిన పనుల్లో ఒకటి ఖైదీల బాగోగులు చూడడం: ముందు ఆదుకోవడం, తర్వాత సంకెళ్ళు సడలించడం, ఆపైన విడిపించడం. ముఖ్యంగా ఎవరిని చూడాలో కూడా చెప్పినాడు. పిల్లాజెల్లా ఉన్నవాళ్ళను, ముసలివాళ్ళను చూడమన్నాడు. ఇంకో రకం వాళ్ళను చెప్పే మాటకు పండితులు తలా ఒక అర్థం చెప్తారు. వేరేవాళ్ళు ఉసిగొల్పితే నేరం చేసినవాళ్ళు అనేది అందులో ఒకటి. మన సీమలో పుట్టినవాడికి ఈ అర్థం విడమరచి చెప్పాల్సిన పని లేదు.

అశోకుడు జైళ్ళు ఎత్తేయలేదు, మరణశిక్ష కూడా ఎత్తేయలేదు. చావు శిక్ష పడినవాళ్ళకు మూడు దినాల గడువు ఇచ్చినట్టు స్తంభ శాసనంలో ఉంది, అంతే. ఆయన్ని దేవుణ్ణి చేయాల్సిన పని మనకు లేదు. జైల్లో పడినవాడు కూడా ధమ్మం లెక్కలోకి వస్తాడని రాతి మీద రాయించినాడు, మనకు అది చాలు.

ఉసిగొల్పితే చేసినవాడు మన ఊర్లల్లో ఎవరు? ఫ్యాక్షన్ తగాదాలో పెద్దాయన వెనక కట్టె పట్టుకొని పోయి, కేసులో మాత్రం తన పేరు ముందు రాయించుకున్నవాడు. కర్ణాటక మందు ప్యాకెట్లు బండి మీద తెచ్చి దొరికిపోయిన పిల్లోడు. సరుకు ఎవరిదో ఆ బండెడు మందిలో ఒక్కరూ చెప్పరు. జైలుకు పోయేది మాదిగవాడలోనుంచో, బోయగేరిలోనుంచో, తండాలోనుంచో. పెద్దాయన ఇంట్లోనే ఉంటాడు.

వీడు బయటికి వచ్చే దినం గేటు దగ్గర నిలబడేది ఎవరో చూడండి. పెండ్లానికి కూలి వదులుకొని రావడానికి బస్సు చార్జీ ఉండదు. తల్లికి చేతకాదు. పెద్దాయన మనిషి మాత్రం బండి వేసుకొని వస్తాడు. జేబులో రెండువేలు పెడతాడు, దారిలో ఒక క్వార్టర్ తాగిస్తాడు, ‘మేమున్నాం కదరా’ అంటాడు. ఇంక వీని బతుకు మళ్ళీ ఎవరి చేతిలో ఉన్నట్టు? మనం ఆదివారం వందనకు కూర్చొని కరుణ గురించి చదువుకుంటా ఉంటాం. ఆ పొద్దు కరుణ ఉండాల్సింది జైలు గేటు దగ్గర.

బాబాసాహెబ్ ‘బుద్ధుడు, ఆయన ధమ్మం’ పుస్తకంలో దారి తప్పినవాళ్ళ, నేరస్థుల దీక్షల కోసమే ఒక భాగం పెట్టినాడు. అంగులిమాలుడు అందులోనే ఉన్నాడు. ఆ కథను మనం భిక్షువు అయిపోయిన దగ్గర ఆపేస్తాం. మజ్ఝిమ నికాయంలో కథ ఇంకా నడుస్తుంది. కోసల రాజు ప్రసేనజిత్తు ఐదువందల గుర్రాలతో ఆయన్ను పట్టుకొనేదానికి బయలుదేరి, దారిలో బుద్ధుని దగ్గరికి వచ్చినాడు. బుద్ధుడు ఆయన్ను దాచిపెట్టలేదు, ఇదిగో ఇక్కడే కూర్చున్నాడని చూపించినాడు. తర్వాత భిక్షకు పోతే జనం రాళ్ళు, కట్టెలు విసిరినారు. తల పగిలింది, పాత్ర పగిలింది, చీవరం చినిగింది. నెత్తురోడుతా తిరిగి వస్తే బుద్ధుడు ఓర్చుకోమన్నాడు. రాళ్ళు వేసినవాళ్ళను ఒక్క మాట అనలేదు.

ఎందుకంటారా? రాళ్ళు వేసినవాళ్ళ ఇండ్లలో చచ్చిపోయినవాళ్ళు ఉన్నారు. మారినవాణ్ణి మనం దగ్గరికి తీసుకునేటప్పుడు ఇది మరిచిపోకూడదు. దెబ్బ తిన్న కుటుంబం దగ్గరికి పోయి ‘రాజీ పడండి, వాడు మారినాడు’ అని ఒత్తిడి చేయడం ధమ్మం కాదు. ముఖ్యంగా ఆడపిల్ల మీద జరిగిన నేరమైతే రచ్చకట్ట పంచాయతీ మాటే ఎత్తొద్దు. వాళ్ళ కోపం వాళ్ళది, ఆ కోపానికి హక్కుంది. మన పని వీడు మళ్ళీ ఆ దారి పట్టకుండా చూడడం.

జాషువా గారి బిడ్డ హేమలత మీకు తెలిసే ఉంటుంది. ఆమె, భర్త లవణం ఇద్దరూ నాస్తికులు. 1970లలో స్టూవర్టుపురం పోయి పని మొదలుపెట్టినారు. అది బ్రిటిషోళ్ళు ఎరుకల కుటుంబాలను తెచ్చి పెట్టిన సెటిల్‌మెంటు. 1871 నాటి చట్టం కులాలకు కులాలనే పుట్టుదొంగలని రాసింది, 1952లో గానీ ఆ చట్టం పూర్తిగా పోలేదు. చట్టం పోయినా చూపు పోలేదు. జైలు మాన్యువళ్ళలో కులాన్ని బట్టి ఊడ్చే పని, వండే పని పంచే రూల్సును సుప్రీంకోర్టు కొట్టేసింది మొన్న 2024 అక్టోబరులో! అందుకని మన గేరిలోనే ఎవరైనా ‘వాళ్ళ జాతే అంత’ అంటే ఆ మాట ఎవరి నోట్లోనుంచి వచ్చిందో గుర్తు చేయండి.

ఇంకా శిక్ష పడనివాళ్ళ సంగతి. 2022 లెక్కల్లో దేశంలోని ఖైదీల్లో ప్రతి నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే. బెయిలు వచ్చినా జామీను నిలబడేవాళ్ళు లేక లోపలే ఉండిపోయేవాళ్ళు ఉంటారు. ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్ళకు, జైల్లో ఉన్న ఎవరికైనా 1987 చట్టం కింద ఉచితంగా వకీలును ఇవ్వాలి. 15100కు ఫోన్ చేయండి. మొదటిసారి కేసులో పడినవాడు ఆ నేరానికున్న పెద్ద శిక్షలో మూడోవంతు కాలం లోపల గడిపితే బాండు మీద విడవాలని కొత్త చట్టం 479వ సెక్షన్ చెప్తుంది. ఉరి, యావజ్జీవం పడే నేరాలకు, ఒకటికి మించి కేసులున్నవాళ్ళకు అది వర్తించదు. దీన్ని అడిగే మనిషి బయట ఒకరుండాలి.

బయటికి వచ్చినాక మొదటి మూడు నెలలు కష్టం. ‘జైలుకూడు తిన్నోడు’ అని కూలికి పిలవరు. మన ఉపాసకుల్లో మేస్త్రీలున్నారు, సుగ్గికి గుంటూరు మిరప కోతలకు ముఠా కట్టుకొని పోయేవాళ్ళున్నారు. ఆ ముఠాలో వానికి ఒక చోటు ఇవ్వండి. ఆధార్, రేషన్ కార్డు, జాబ్ కార్డు సరిగా ఉన్నాయో లేదో సచివాలయానికి వానితో పాటు పోయి చూడండి. నేరం గురించి పదేపదే తవ్వొద్దు. తాగుడు విషయంలో మాత్రం మొగమాటం వద్దు, ఇరవైరెండు ప్రతిజ్ఞల్లో అదీ ఉంది. వాని ముందర మీరు తాగి, వానికి నీతి చెప్తే వినడు, వినకపోవడమే న్యాయం.

వచ్చే పున్నమి వందనలో ఒక పని పెట్టుకోండి. మన ఊర్లో ఎవరింటి మనిషి లోపల ఉన్నాడు, ఏ జైలు, వకీలు ఉన్నాడా, ఎప్పుడు వస్తాడు అనేది రాసుకోండి. పక్కనే వాని పిల్లలు ఏ బడిలో ఉన్నారో, పోతున్నారో లేదో కూడా రాయండి. తర్వాత గేటు దగ్గరికి పోయే ఇద్దరి పేర్లు ఆ పొద్దే తేల్చుకోండి.