జీర్ణచిత్రోద్ధరణము – నవచిత్రసృష్టి

ఆలయకుడ్యములపై చిత్రింపబడిన దైవలీలలు అక్షరజ్ఞానము లేనివారికిని పురాణకథలను బోధించిన గ్రంథములు. విష్ణుధర్మోత్తరపురాణము తృతీయఖండమున చిత్రసూత్రమను పేర ఈ కళకు విశిష్టస్థానము నొసగినది. కాలక్రమమున దీపధూమము, వాననీటి చెమ్మ, గబ్బిలముల మలినము ఆ చిత్రములను మరుగుపరచును. అట్టియెడ భక్తులకు సహజముగ కలుగు కోరిక, వానిపై కొత్తరంగులు వేయింపవలెనని. ఈ కోరికలో భక్తి కలదు, ప్రమాదమును కలదు.

తంజావూరి బృహదీశ్వరాలయమే ఇందుకు నిదర్శనము. రాజరాజచోళుడు నిర్మింపజేసిన ఈ ఆలయము 1010లో పూర్తియైనది. గర్భగృహము చుట్టునున్న ప్రదక్షిణమార్గమున చోళచిత్రకారులు సుందరమూర్తి కైలాసయాత్రను, త్రిపురాంతకుని సున్నపుపూతపై చిత్రించిరి. తడిసున్నము ఆరునప్పుడు గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో కలిసి రాయివలె గట్టిపడి, రంగును తనలో బంధించును. 17వ శతాబ్దమున, తెలుగువారైన నాయకరాజుల కాలమున, ఆ గోడలపైననే మరియొక పూత వేసి క్రొత్తచిత్రములు వ్రాసిరి. అదియు ఈశ్వరసేవయే. కాని దాని అడుగున చోళచిత్రములు తరతరములు అదృశ్యములై యుండెను. 1931లో ఎస్.కె. గోవిందస్వామి వానిని గుర్తించి లోకమునకు వెల్లడించిరి.

అప్పుడొక ధర్మసందేహము తలయెత్తెను. అడుగుచిత్రము కనబడవలెనన్న పైచిత్రము తొలగవలెను. పైచిత్రమును మన పూర్వుల సొత్తే. పురావస్తుశాఖ నిపుణులు నాయకచిత్రములను కొన్నిచోట్ల పూతతోసహా మెల్లగ ఊడదీసి, ఫైబర్‌గ్లాస్ పలకలపై అమర్చిరి. అందువలన రెండు యుగముల భక్తియు నిలిచినది.

ఉద్ధరించువాని ధర్మము ఇందే తెలియుచున్నది. మసిని తుడుచుట, వదులైన పూతను గోడకు అతికించుట, చెమ్మ వచ్చు త్రోవను మూయుట అతని పని. రాలిపోయిన ముఖమును ఊహించి వ్రాయుట అతని పని కాదు. క్రొత్తగ చేర్చినది మొత్తముతో పొందికగ నుండవలెను. అయినను మూలమునుండి వేరుగ గుర్తింపబడవలెనని 1964 నాటి వెనిస్ ఒడంబడికయు చెప్పుచున్నది.

అట్లైన నేటి చిత్రకారుని ప్రతిభకు చోటు లేదా? కలదు, అది పాతగోడపై కాదు, క్రొత్తవస్త్రముపై. అచ్యుతదేవరాయల కాలపు లేపాక్షి ఆలయములోని లతామండపపు స్తంభములపై చెక్కిన అల్లికలు నేడు చీరల అంచులపై వెలయుచున్నవి. అందువలన ఆ స్తంభములకు కలిగిన లోపమేమియు లేదు. శ్రీకాళహస్తిలో క్షీణించుచుండిన కలంకారీకి 1957లో ఏర్పడిన శిక్షణకేంద్రము ప్రాణము పోసినది. అచ్చటి శిల్పి వెదురుకలముతో, కరక్కాయరసమున తడిపి ఆరవేసిన వస్త్రముపై రామాయణ భారతకథలను నేటికిని వ్రాయుచున్నాడు. పూర్వుల రేఖను నేర్చి తన కాలపు మాటను పలుకుటకు ఆ వస్త్రమున ఎంతయో చోటు కలదు.

కావున ఆలయముల జీర్ణోద్ధరణకు పూనుకొనువారు వెల్లవేయుటకు ముందు గోడను పరికింపవలెను. పాతచిత్రపు జాడ కనబడినచో పని ఆపి, ఛాయాచిత్రములు తీయించి, నిపుణుల ననుసరింపవలెను. వెల్లవేయుటకు ఒక దినము చాలును. ఆ వెల్ల క్రింద పోయిన రేఖను తిరిగి తెచ్చుట ఎవరి తరమును కాదు. ఉన్నదానిని కాపాడుట పితృఋణము తీర్చుకొనుట. క్రొత్తదానిని వేరొకచోట సృజించుట రాబోవు తరమునకు మనమిచ్చు కానుక.