పెరటిలో బుసర పెంపకము

వానలు పడినంతనే పొలముగట్లపై తనంతట తాను మొలచు కుప్పంటి మొక్కను గ్రామవాసులందరు ఎరుగుదురు. దీనినే బుడ్డబుసర యనియు అందురు. బుడగవంటి పొరలో దాగియుండు దీని పండ్లను పిల్లలు వెదకి తినుచుందురు. ఈ జాతిలోనిదే పెద్ద బుసర. ఇది పెరూ దేశపు కొండసీమలలో పుట్టి, పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున దక్షిణాఫ్రికాలోని కేప్ ప్రాంతమున సాగై, కేప్ గూస్‌బెర్రీ యని పేరొందినది. ఉత్తర భారతమున దీనిని రసభరి యందురు. ఏ, సీ విటమినులు గల యీ పండును పెరటిలో సులభముగా పండింపవచ్చును.

నారు, నాట్లు

అనకాపల్లి జిల్లాలోని అచ్యుతాపురము సముద్రతీరమునకు చేరువనున్నది. అక్టోబరు, నవంబరు మాసములలో ఇచట తుపాను భయము కలదు. 2014 అక్టోబరు 12వ తేదీన విశాఖపట్నము వద్ద తీరము దాటిన హుద్‌హుద్ తుపాను మహావృక్షములనే కూల్చినది. కావున అక్టోబరులో వసారాయందు కుండీలలో నారు పోసి, నవంబరు చివర పెరటిలో నాటుట మేలు.

విత్తనములు మిక్కిలి చిన్నవి. పైన పలుచగా మన్ను చల్లిన చాలును. రెండు వారములలో మొలకెత్తును. నాటునపుడు మొక్కకు మొక్కకు మూడడుగుల ఎడముంచవలెను. నీరు నిలువని ఎండ తగులు చోటు కావలెను. ఉప్పునీటి బావి గలవారు మంచినీటినే పోయవలెను.

పోషణ

బుసర వంగ, టమాటా, మిరపల కుటుంబములోనిది. ఆ పంటల తెగుళ్లు, వేరుబొడిపెల పురుగు దీనికిని సోకును. అందుచే నిరుడు వంగ వేసిన మడిలో దీనిని నాటరాదు. మాగిన పశువుల ఎరువు కొలదిగా వేసిన చాలును. యూరియా మిక్కుటమైన ఆకు పెరుగునేగాని కాపు తగ్గును. కొమ్మలు పెళుసు గనుక వెదురుపుల్లలు ఊతముగా కట్టవలెను.

కోత: ముఖ్యమైన హెచ్చరిక

నాటిన మూడు నాలుగు మాసములకు కాయలు పండును. పచ్చికాయలు, ఆకులు విషతుల్యములు. వానిని తిన్నచో కడుపునొప్పి, వాంతులు కలుగవచ్చును. పై పొర ఎండి గడ్డిరంగునకు తిరిగి, లోని పండు పసుపుపచ్చనైన పిదపనే తినవలెను. పెన్నేరు మొక్కకు కూడ ఇట్టి పొరయే యుండును. కాని దాని పండ్లు ఎర్రనివి. వానిని పిల్లలు తినరాదు.

కనుక తల్లిదండ్రులు పిల్లలను మొక్కవద్దకు తీసికొనిపోయి, పచ్చి పొరను, ఎండిన పొరను ప్రక్కప్రక్కనే చూపవలెనని మా మనవి. పొర తీయక ఆరిన చల్లనిచోట ఉంచినచో పండ్లు కొన్ని వారములు నిలువయుండును. మంచి పండ్లలోని గింజలను కడిగి నీడన ఆరబెట్టినచో మరుసటి యేటికి విత్తనము సిద్ధమగును.