ఎండల్లో పండుకు రంగు పట్టాలంటే

బనగానపల్లె, డోన్, రైల్వే కోడూరు తోటల్లో ఏప్రిల్ వచ్చిందంటే ఒకటే ఆరాటం. మండీలో ధర ఉండగానే బేనీషా మామిడి దించాలి, పసుపు రంగు తెప్పించాలి. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన కాయ ఇది. తొందరపడి దాని పేరు చెడగొట్టుకోవద్దు.

తోలులో పత్రహరితం ఉన్నన్నాళ్లూ కాయ ఆకుపచ్చగానే కనిపిస్తుంది. మాగేటప్పుడు అది విరిగిపోయి, కెరోటినాయిడ్లనే పసుపు వర్ణకాలు బయటపడతాయి. మన ఒంట్లో విటమిన్ ఏగా మారే బీటా కెరోటిన్ కూడా వీటిలోదే. గుజ్జుకు ఈ రంగు చెట్టు మీద ఉండగానే పట్టడం మొదలవుతుంది. కాబట్టి కోతకు ముందు నాలుగైదు చెట్ల నుంచి ఒక్కో కాయ తెచ్చి కోసి చూడండి. టెంక గట్టిపడి, దాని చుట్టూ కండ లేత పసుపుకు తిరిగిందా? తొడిమ పక్కన భుజాలు ఉబికాయా? కండ ఇంకా తెల్లగా ఉంటే ఆగండి. ధర పడిపోతుందన్న మీ భయం సబబే. కానీ లేత కాయ తోలు పసుపెక్కినా లోపల పులుపు పోదు, కొన్నవాడు మళ్లీ మీ సరుకు అడగడు.

కోసేటప్పుడు తొడిమ కొంచెం ఉంచండి. సొన కారిన చోట తోలు నల్లబడుతుంది.

కార్బైడ్ జోలికి అసలు పోవద్దు. చట్టం దాన్ని నిషేధించింది. అందులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలుంటాయి, తినే పిల్లలకూ మాగబెట్టే కూలీలకూ హాని. ఇథిలీన్ వాయువుకు 100 పీపీఎం వరకు అనుమతి ఉంది. ఇథిఫాన్ కలిపిన నీళ్లలో కాయలు ముంచడం మాత్రం కూడదు. మాగబెట్టే గది 20 నుంచి 24 డిగ్రీల్లో ఉంటే రంగు సమంగా వస్తుంది. రేకుల షెడ్డు వేడికి కాయ మెత్తబడుతుంది గానీ తోలు మచ్చలు మచ్చలుగా పచ్చిగానే మిగులుతుంది.

చీనీ సంగతి వేరు. రాత్రిళ్లు చల్లబడితే తప్ప దాని తోలు పచ్చదనం వదలదు. రసం చూసి కోయండి, రంగు చూసి కాదు.

టమాటాకు ఎరుపునిచ్చేది లైకోపీన్. వేడి 30 డిగ్రీలు దాటితే అది తయారవడం తగ్గిపోతుంది, పసుపు వర్ణకం మాత్రం కొనసాగుతుంది. ఎండల్లో కాయ నారింజ రంగులో ఆగిపోవడానికి కారణం ఇదే, మందు కొట్టినా లాభం లేదు. కాయల మీద నీడపడేలా ఆకు దులపకుండా ఉంచండి. అడుగున రంగు తిరగగానే పొద్దున్నే కోసి, గాలి ఆడే నీడలో పరచండి.