దూరమైన స్నేహితుడు

చదువవలసిన భాగములు: 1 సమూయేలు 23:14–18, 1 రాజులు 19:1–8, యోబు 2:11–13.

ముఖ్యాంశము: రోగముచేత స్నేహితుడు మనకు దూరమైనప్పుడు అతని వెంటబడి పీడింపకయు, అతనిని వదలివేయకయు నమ్మకముగా నిలుచుట.



ఈ నెల పాఠమును బోధకుడనను అధికారముతో వ్రాయుట లేదు. తప్పు చేసి నేర్చుకొన్నవాడనై వ్రాయుచున్నాను.

నాకొక స్నేహితుడు కలడు. పేరు వ్రాయను, ఎందుకో మీకే తెలియగలదు. మేమిద్దరము ఒకే పల్లెలో పుట్టి, ఒకే బడిలో అక్షరములు దిద్ది, ఒకే వేసవిలో కాలువలో ఈత నేర్చితిమి. నేను సెమినరీకి పోవు దినమున నా పెట్టె మోసి బస్సెక్కించినవాడు అతడే. నేను కాపరినై ఈ ప్రాంతమునకు తిరిగి వచ్చిన తరువాత అతడు ప్రతి ఆదివారము సాయంకాలము నరసరావుపేట నుండి మోటారు సైకిలు మీద వచ్చి, మా అరుగు మీద కూర్చుండి, టీ త్రాగి, ఆనాటి నా ప్రసంగములోని తప్పులు చెప్పి పోయెడివాడు. అట్లు చెప్పువాడు ప్రతి కాపరికి ఒక్కడైనను ఉండవలెను.

ఒక సంవత్సరము మిరప నాట్ల దినములలో అతని తీరు మారెను. రాత్రి రెండు గంటలకు ఫోను చేయును. నిద్ర లేదు, అలసట లేదు. పదెకరములు కౌలుకు పట్టితినని, మన సంఘమునకు క్రొత్త గుడి కట్టించెదనని, దేవుడు తనతో ప్రత్యేకముగా మాటలాడుచున్నాడని చెప్పును. అతడు ఆత్మపూర్ణుడాయెనని తలంచి నేను సంఘములో అతనిచేత సాక్ష్యము కూడ చెప్పించితిని. నెల తిరుగకముందే అప్పు లక్షలకు పెరిగెను. ఇక చాలునని అడ్డుపడినందుకు నలుగురి యెదుట, "నా ఎదుగుదల చూసి ఓర్వలేకపోతున్నావురా" అనెను. కాయ కోతకు రాకమునుపే అతడు మంచమెక్కి గోడవైపు తిరిగి పండుకొనెను.

ఫోను చేసితిని, తీయలేదు. ఇంటికి పోతిని. అతని భార్య గుమ్మములోనికి వచ్చి, "అన్నయ్యగారూ, ఏమీ అనుకోవద్దు. ఎవర్నీ చూడనంటున్నారు. మిమ్మల్ని అసలే రానివ్వొద్దన్నారు" అనెను.

'మిమ్మల్ని అసలే' అను ఆ మాట ములువలె నాలో దిగెను. తరువాతి ఆదివారము నేను ప్రసంగ వేదిక మీద అతని పేరు పలికి, విశ్వాసములో జారిపోయెనని చెప్పి, అందరిచేత ప్రార్థన చేయించితిని. సాయంకాలమునకు మూడు ఊళ్లకు ఆ సంగతి తెలిసెను. అది ప్రేమయని అప్పుడు నేననుకొంటిని. నిజముగా నాలోని గాయమే ప్రార్థన వేషము వేసికొని మాటలాడెను. పదునాలుగు నెలలు అతడు గుడి గడప త్రొక్కలేదు.

1. ఈ రోగమెట్టిది?

తరువాత గుంటూరులో వైద్యుడు చూచి దీనిని బైపోలార్ వ్యాధి అనెను. మనస్సు రెండు కొసలకు ఊగు జబ్బు ఇది. ఒక కొసన ఉద్రేకము: నిద్ర అక్కరలేకపోవుట, ఆగని మాట, అంతులేని ధైర్యము, విచ్చలవిడి ఖర్చు, అడ్డువచ్చినవారి మీద కోపము. రెండవ కొసన కుంగుబాటు: లేవలేకపోవుట, దేనియందును ఆశ లేకపోవుట, నేను పనికిరానివాడనను తలంపు. ఉద్రేకము వారములు, కుంగుబాటు నెలల తరబడి ఉండవచ్చును. రెంటికి నడుమ అనేకులు అందరివలెనే బ్రదుకుదురు. 2015–16లో దేశమందలి 12 రాష్ట్రములలో జరిగిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో సుమారు 200 మంది పెద్దలలో ఒకరికి జీవితములో ఎప్పుడో ఒకప్పుడు ఈ వ్యాధి ఉన్నట్లు తేలినది. కాబట్టి ఒక పెద్ద సంఘమునకు ఇది పరాయి మాట కాదు.

ఇది దయ్యము కాదు, శాపము కాదు, తల్లిదండ్రుల పెంపకములోని లోపము కాదు. కొన్ని కుటుంబములలో ఎక్కువగా కనబడును. మందులున్నవి. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడైన జాన్ కేడ్ లిథియం అను లవణము ఉద్రేకమును అణచునని ప్రకటించెను. నేటికిని అది ముఖ్యమైన మందులలో ఒకటి. పౌలుతో నడచిన లూకా వైద్యుడని కొలస్సయులకు వ్రాసిన పత్రిక 4:14లో ఉన్నది. ప్రార్థన చేయువాడు వైద్యుని యొద్దకు పోరాదని ఎవరైన చెప్పినయెడల ఆ వచనము చూపుడి.

నేను రెండు మారులు తప్పు చదివితిని. ఉద్రేకమును ఆత్మ నింపుదలయనుకొంటిని. కుంగుబాటును విశ్వాస భ్రష్టతయనుకొంటిని.

2. అతడు ఎందుకు దూరమగును?

దీనికి ఒక్క కారణము కాదు. కుంగియున్న మనిషికి ఫోను ఎత్తుటయే బండ ఎత్తినంత పని. ఉద్రేకములో ఆడిన మాటలు, చేసిన అప్పులు జ్ఞాపకము వచ్చి, వాటిని చూచినవారి ముఖము చూడలేకపోవును. ఎవరు మిక్కిలి దగ్గరివారో వారినే మిక్కిలి తప్పించుకొనును. ఏలయనగా వారి యెదుట నటించుట సాధ్యము కాదు. 'మిమ్మల్ని అసలే' అను మాటకు అర్థము ఇది. నేను దానిని ద్వేషమని చదివితిని, అది సిగ్గు. నా విషయములోనైతే మరియొక కారణమును నేనే కల్పించితిని: అతని రహస్యమును వీధిలో పెట్టితిని.

ఏలీయాను చూడుడి. బెయేర్షెబాలో తన దాసుని విడిచి, ఒంటరిగా అరణ్యమునకు పోయి, ఇక చాలునని చావు కోరెను. దేవుడు అతనిని గద్దించెనా? లేదు. నిద్రపోనిచ్చెను. రొట్టె, నీళ్లు పంపెను. మరల నిద్రపోనిచ్చెను, మరల తినిపించెను. ప్రశ్న అడిగినది తరువాత, హోరేబు కొండ దగ్గర. మనమో, ముందే ప్రశ్నలతో పోవుదుము.

3. యోనాతాను ఏమి చేసెను?

దావీదు జీఫు అరణ్యములో దాగియున్నాడు. అతడు సౌలునకు వెరచి దాగెను. మన స్నేహితుడు తన మనస్సులోని బాధకు వెరచి దాగును. కారణములు వేరు. అయినను స్నేహితుడు చేయవలసినది అక్కడ కనబడును. యోనాతాను లేచి తానే పోయెను. భయపడవద్దని చెప్పి దేవుని బట్టి అతనిని బలపరచెను. నిబంధన చేసికొనిరి. తరువాత జరిగినదానిని 18వ వచనములో జాగ్రత్తగా చూడుడి: దావీదు వనములోనే నిలిచెను, యోనాతాను తన ఇంటికి పోయెను. చేయి పట్టి ఈడ్చుకొని రాలేదు. నాతో రానందుకు అలుగలేదు.

దీనినుండి నేను నేర్చుకొన్న అలవాటు చిన్నది. వారమునకొకసారి, శనివారము సాయంకాలము, ఫోనులో రెండు మాటలు వ్రాసి పంపితిని: "జవాబు ఇవ్వక్కర్లేదురా. జ్ఞాపకం చేసుకున్నా." అంతే. ఎందుకు రాలేదు, ఎప్పుడు వచ్చెదవు, సంఘము అడుగుచున్నది అను మాటలు మానితిని. నెలకొకసారి మా ఇంటనుండి కూర గిన్నె పోయెను. గిన్నె పుచ్చుకొని అతని భార్యతో ఆమె యోగక్షేమములు కూడ మాటలాడుటకు నా భార్యయే పోయెను. ఆ ఇంట అలసినది అతడొక్కడే కాదు. యోబు స్నేహితులు ఏడు దినములు మౌనముగా కూర్చుండినంత కాలము మంచి స్నేహితులే. నోరు తెరచిన తరువాతనే చెడిరి.

4. సంఘము తీసికొనవలసిన జాగ్రత్తలు

ఈ వ్యాధి గలవారికి నిద్ర మందు వంటిది. నిద్ర తప్పినచో ఉద్రేకము మరల లేవవచ్చును. కనుక రాత్రంతయు జరుగు ప్రార్థనలకు, డిసెంబరు 31 రాత్రి కూడికకు రాలేదని వారిని తప్పుపట్టకుడి. ఇంటిలో పండుకొని లేచి ప్రార్థించినను దేవుడు వినును.

లిథియం వాడువారు ఒంటిలోని నీరు, ఉప్పు తగ్గనీయరాదు. మండుటెండలో కోతలకు పోయి నీళ్లు త్రాగకపోయినను, వాంతులు విరేచనములు పట్టుకొన్నను, నీరు కూడ మాని ఉపవాసమున్నను, రక్తములో ఆ మందు హెచ్చి విషము కావచ్చును. చేతులు బాగుగ వణకుట, తూలుట, మాట ముద్దగుట కనబడినచో వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. ఈ మందునకు వేళకు రక్తపరీక్ష చేయించవలెను. స్వస్థత కలిగినదని చెప్పి మందు మాన్పించుటకు ఏ కాపరికిని అధికారము లేదు. హఠాత్తుగా మానినచో రోగము తిరుగబెట్టుట తరచు.

పేరు చెప్పి ప్రార్థన చేయించుటకు ముందు ఆ మనిషి అనుమతి అడుగుడి. అనుమతి లేనిచో గదిలో, తలుపు వేసికొని ప్రార్థించుడి.

5. మౌనమును విరువవలసిన వేళ

దూరముగా నుండనిచ్చుట ఎల్లవేళల మంచిది కాదు. బ్రదుకు వ్యర్థమనినను, అందరి యొద్ద సెలవు తీసికొనుచున్నట్లు మాటలాడినను, తన వస్తువులు పంచిపెట్టినను, అప్పుడు కాచుకొని కూర్చుండరాదు. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని మెల్లగా, సూటిగా అడుగుడి. అడిగినంత మాత్రమున ఆ తలంపు క్రొత్తగా పుట్టదు. తరచుగా ఆ మాట బరువు దింపును. ఒంటరిగా విడువకుడి. మన పల్లె ఇండ్లలో పైరు మందులు మంచము క్రిందనే ఉండును. వాటిని ఆ ఇంటినుండి తీసివేయుడి. ఎవరికిని చెప్పవద్దని అతడు ఒట్టు పెట్టినను, ఆ ఒట్టు కంటె ప్రాణము గొప్పది. ఇంటివారికి చెప్పుడి.

2022 అక్టోబరులో ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్ వారి నంబరు 14416. రాత్రింబగళ్లు, ఖర్చు లేకుండ, తెలుగులోను మాటలాడవచ్చును. ప్రాణాపాయమైనచో 108. గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో మానసిక వైద్య విభాగమున్నది. పోలీసు కేసు అగునను భయముతో ఆసుపత్రికి పోకుండ ఆలస్యము చేయకుడి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, ప్రాణము తీసికొనబోయిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో నున్నవానిగా ఎంచి, శిక్షింపక ఆదుకొనవలెనని చెప్పుచున్నది.

6. నిలిచిన స్నేహితుని సంగతి

ఇంగ్లండులోని ఓల్నీ అను ఊరిలో జాన్ న్యూటన్ కాపరి. ఒకప్పుడు బానిసల ఓడలు నడిపి, తరువాత కీర్తనలు వ్రాసిన న్యూటనే ఈయన. ఆయన స్నేహితుడు విలియం కూపర్ గొప్ప కవి. ఇద్దరు కలిసి వ్రాసిన కీర్తనలు 1779లో ఓల్నీ కీర్తనలను పేర అచ్చాయెను. కూపరు మనస్సు మరల మరల కుంగి చెదరెడిది. ఆయన జబ్బునకు నేటి పేరు పెట్టుట నా పని కాదు. 1773లో ఆయన మిక్కిలి కుంగి, దేవుడు తన్ను త్రోసివేసెనని నమ్మెను. ఆ ఏప్రిల్ నుండి ఏడాదికి పైగా న్యూటను ఆయనను తన ఇంటనే ఉంచుకొనెను. ఆ తరువాత కూపరు మరల ఆరాధనకు రాలేదు. అయినను న్యూటను స్నేహము మానలేదు. తాను లండనుకు పోయిన పిమ్మట ఉత్తరములు వ్రాసెను. 1800లో కూపరు చనిపోవువరకు ఆ స్నేహము తెగలేదు. న్యూటను తన స్నేహితుని స్వస్థపరచలేకపోయెను. స్వస్థపరచుట ఆయన పనియు కాదు. నిలుచుట ఆయన పని.

విడువబడిన స్నేహితునికిని దుఃఖము కలదు. ఆ దుఃఖమును రోగి మీద పోయకుడి, లేదని నటింపకుడి. నమ్మదగిన మరియొకనితో పంచుకొనుడి. మీ ఇల్లు, మీ పని, మీ నిద్ర చూచుకొనుడి. రక్షకుడు ఒక్కడే, ఆయన మనము కాము.

ముగింపు

పదునాలుగు నెలల తరువాత ఒక సాయంకాలము అతడు వచ్చి అరుగు మీద కూర్చుండెను. చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, "శనివారాలు చూసుకునేవాణ్ణిరా. జవాబు రాయలేకపోయా" అనెను. నేను వేదిక మీద అతని పేరెత్తినందుకు క్షమించుమని అడిగితిని. వెంటనే సరేననలేదు. "టీ పెట్టించు, చూద్దాం" అనెను. ఈ సంగతి పత్రికకు వ్రాయవచ్చునా అని మొన్నటి కోతల కాలములో అడుగగా, "నా పేరు వద్దు. నీ తప్పు మాత్రం ముందు రాయి" అనెను. అట్లే వ్రాసితిని.

ఇప్పుడు మూడు వారములుగా అతని ఫోను మరల మూగబోయినది. మందు వేసికొనుచున్నాడని, భోజనము చేయుచున్నాడని అతని భార్య చెప్పినది. రేపు శనివారము. రెండు మాటలు వ్రాయుదును.

ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన సంఘములో కొంతకాలముగా కనబడనివారు ఎవరు? వారిని గూర్చి మనము మాటలాడుచున్నామా, వారితో మాటలాడుచున్నామా?
2. యోనాతాను ఇంటికి తిరిగి పోవుట ప్రేమలేమియా? మీ మాటలలో చెప్పుడి.
3. ఏలీయాకు ముందు అన్నము, తరువాత ప్రశ్న. మన పరామర్శలలో ఏది ముందు?

ప్రార్థన: ప్రభువా, మా యొద్దనుండి దాగినవారు నీకు దాగలేదు. వారికి నిద్రయు, ఆహారమును, మంచి వైద్యమును అనుగ్రహించుము. మా నాలుకకు కాపు పెట్టుము. వారు తిరిగి వచ్చు దినమున మా తలుపు తెరచియుండునట్లు సహాయము చేయుము. ఆమేన్.