నాసదీయ సూక్తము – మన దుర్గం కొండ వయస్సు

గత మాసమున ఒకనాడు సాయంకాల పూజ ముగిసిన పిమ్మట, పదవ తరగతి చదువుచున్న బాలుడొకడు నా యొద్దకు వచ్చి, "స్వామీ, దినమూ సంకల్పములో శ్వేతవరాహ కల్పం, వైవస్వత మన్వంతరం అని చెప్పిస్తారు కదా, ఆ లెక్కన సృష్టి మొదలై ఎన్నేండ్లయింది?" అని అడిగెను. కల్పమునకు 432 కోట్ల సంవత్సరములనియు, అందు ఇప్పటికి గడచినవి సుమారు 197 కోట్లనియు సూర్యసిద్ధాంత గణనమును బట్టి చెప్పితిని. "మన కుందుర్పి దుర్గం కొండ రాయి 250 కోట్ల ఏండ్ల నాటిదని మా సైన్సు సారు చెప్పినారు. అయితే సృష్టి కంటే కొండే పెద్దదా స్వామీ?" అనెను. ప్రక్కనున్న పెద్దలు నవ్విరి. నాకు నవ్వు రాలేదు. ప్రశ్న సరియైనది.

దీనికి సులభమైన సమాధానమొకటి కలదు. భూమి వయస్సు 454 కోట్ల సంవత్సరములని శాస్త్రజ్ఞులందురు. కల్పము 432 కోట్లు. రెండును దగ్గరగా ఉన్నవి గనుక ఋషులకు అంతయు ముందే తెలియునని ఉపన్యాసకులు పలుకుచుందురు. నేనును యౌవనమున అట్లు పలికినవాడనే. కాని కల్పము బ్రహ్మ యొక్క పగలు. అది ఇంకను సగము కూడ గడవలేదు. గడచిన దానిని విడచి, మొత్తమును గ్రహించి సరిపోయెననుట పద్దు వ్రాయువాడు చేయదగిన పని కాదు. శిలల వయస్సు నూహించి చెప్పరు. రాతిలోని సూక్ష్మ స్ఫటికములందు యురేనియము ఒక నియతమైన వేగముతో సీసముగా మారుచుండును. మారినదెంత, మిగిలినదెంత అని కొలిచి కాలమును గణింతురు.

ప్రత్యక్షముచే తెలియదగిన విషయమున శ్రుతి దానికి విరుద్ధముగా పలికినట్లు తోచినచో, శ్రుతికి వేరు తాత్పర్యమును అరయవలెనని శంకర భగవత్పాదులు గీతాభాష్యమున, పదునెనిమిదవ అధ్యాయము 66వ శ్లోకము కడ, నిప్పు చల్లదనమును ఉదాహరించి నిష్కర్షగా తెలిపిరి. శ్రుతి విషయమే ఇట్లుండగా పంచాంగ గణనము మాట చెప్పనేల? సృష్టిక్రమమున ఉపనిషత్తులే ఏకరీతిగా పలుకవు. తైత్తిరీయము ఆకాశముతో ఆరంభించును, ఛాందోగ్యము తేజస్సుతో. ఇది దోషము కాదు. మట్టి, లోహము, విస్ఫులింగముల దృష్టాంతములతో చెప్పిన సృష్టికథలు అద్వైతమున బుద్ధిని ప్రవేశపెట్టుటకు ఉపాయములే యని గౌడపాదాచార్యులు మాండూక్య కారికలయందు, అద్వైత ప్రకరణమున, స్పష్టపరచిరి. కాలనిర్ణయము వాని ప్రయోజనము కాదు.

ఇక ఋగ్వేదము పదవ మండలములోని 129వ సూక్తము, నాసదీయము. మంత్రములు ఏడే. ద్రష్ట ప్రజాపతి పరమేష్ఠి. ఆదియందు సత్తు గాని అసత్తు గాని లేవని ఆరంభించి, తుదకు ఈ సృష్టి ఎచ్చటి నుండి వచ్చెనో ఎవరెరుగుదురని ప్రశ్నించును. దేవతలెరుగుదురా యన్నచో వారును సృష్టికి తరువాతి వారే. పరమాకాశమున నుండి దీనిని చూచువాడు ఎరుగును, లేదా అతడును ఎరుగడేమో యని ముగియును. సర్వజ్ఞుడైన ఈశ్వరుడు తప్ప అన్యుడెరుగడని సాయణాచార్యుల తాత్పర్యము. అది శిరోధార్యమే. అయినను మంత్రమున ఆ "లేదా" అట్లే నిలిచియున్నది. దానిని తుడిచివేయుటకు నాకు ధైర్యము చాలదు.

సాక్షి సంఘటనకు తరువాత పుట్టినవాడనుట ఈ సూక్తపు యుక్తి. నేటి శాస్త్రమునకును ఇదే ఇబ్బంది. 1964లో అమెరికాలో పెంజియాస్, విల్సన్ అను ఇరువురి రేడియో యాంటెన్నాలో ఎడతెగని రొద వినిపించెను. అందు కాపురమున్న పావురముల రెట్టయే కారణమనుకొని శుభ్రము చేసిరి, రొద పోలేదు. అది విశ్వము పుట్టిన 3 లక్షల 80 వేల సంవత్సరములకు విడివడిన తొలి వెలుగు యొక్క శేషమని తెలిసినది. 1978లో వారికి నోబెల్ బహుమానము వచ్చినది. అంతకు ముందటి విశ్వము మంచు కమ్మినట్లుండుటచే వెలుగు ద్వారా దానిని చూడజాలము. గణితముతో ఇంకను వెనుకకు పోవచ్చును. కాని దశాంశ బిందువు పిదప 42 సున్నలు పెట్టి 1 వ్రాసినంతటి సెకను భాగము కడ గురుత్వ సిద్ధాంతము, పరమాణు సిద్ధాంతము ఒకదానితో నొకటి పొసగవు. 1380 కోట్ల సంవత్సరముల కథ చెప్పగలిగినవారు అచ్చట ఆగుదురు, ఆగితిమని చెప్పుదురు.

ఇది మనకు దూరపు సంగతి కాదు. తొలి నక్షత్రములు వెలిగిన కాలపు ఉదజని సంకేతము 21 సెంటీమీటర్ల తరంగముగా బయలుదేరి, విశ్వవ్యాకోచముచే సాగి సాగి, నేడు మన ఎఫ్.ఎం. రేడియో ధ్వనుల నడుమ చిక్కుకొని యున్నది. దానిని వినుటకు ఆ రొద చేరని తావు కావలెను. బెంగళూరులోని రామన్ పరిశోధన సంస్థ వారు తమ "సరస్" పరికరపు రెండవ రూపమును ఉమ్మడి అనంతపురం జిల్లాలోనే, చెన్నేకొత్తపల్లి ప్రాంతపు టింబక్టులో నిలిపి విని, 2017లో ఫలితములు ప్రకటించిరి. క్రింది నేల పొరలు పొరలుగా ఉండుట కొలతకు అడ్డు. నీరైనచో ఏకరీతిగా ఉండును. కావున మూడవ రూపమును 2020లో కర్ణాటకమున చెరువు నీటిపై తేలించిరి. ఆ పేరు ఆంగ్లాక్షరముల కూర్పే గాని, మన సంస్కృతమున సరస్సనగా చెరువే కదా! ఆస్ట్రేలియాలోని పరికరముతో ఆ సంకేతము దొరికినదని 2018లో అమెరికా వారు ప్రకటించియుండిరి. సరస్‌కు అది కానరాలేదని 2022లో వీరు తెలిపిరి. అన్వేషణము సాగుచునే యున్నది.

బాలునికి ఇదంతయు రెండు సాయంకాలములు చెప్పితిని. "మరి సంకల్పం మానేయాలా?" అని అడిగెను. మానవలదంటిని. అది సృష్టికి సాక్ష్యము చెప్పుట కాదు. కర్మ చేయబోవువాడు ఏ కాలమున, ఏ దేశమున నిలిచి చేయుచున్నాడో పెద్దలిచ్చిన మాటలతో స్మరించుకొనుట.

మరునాడు వాడు పుస్తకము చూచి సంకల్పము చెప్పుచు, శ్రీశైలమునకు ఆగ్నేయమున ఉన్నట్లు పలికెను. ఏల అట్లు చెప్పితివన్నచో, "పుస్తకంలో అట్లే ఉంది స్వామీ" అనెను. అది వేరొక ప్రాంతము వారికై అచ్చయినది. ఆవరణములోనికి తీసికొనిపోయి, సూర్యుడు క్రుంకు దిక్కును చూపి, మన కుందుర్పి శ్రీశైలమునకు నైరుతి యని దిద్దించితిని.